పలకరింపు లేని దుఃఖం

*పొద్దున గుమ్మం దాకా వచ్చి సాగనంపిన కుక్క సాయంత్రానికి లేదు. ఎందుకలా జరుగుతుంది? ఆ ఇల్లు ఎలా తేరుకుంటుంది?*

పొద్దున ఏడింటికి అది పెరుగన్నం తింది. పాలవాడు మెట్లెక్కుతున్న చప్పుడు విని రోజూలాగే మొరిగింది. పాపతో పాటు స్కూలు బస్సు దాకా వెళ్లి, తిరిగొచ్చి బాల్కనీలో తన గోనెపట్టా మీద పడుకుంది. ఏడేళ్ల లాబ్రడార్. పేరు బ్రూనో.

భోజనాల వేళ దాటాక ఎందుకో అది ఒకచోట కుదురుగా ఉండలేకపోయింది. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉంది. వాంతి చేసుకోబోతోంది గానీ కాస్త నురగ తప్ప ఏమీ రావడం లేదు. తినకూడనిదేదో తిని ఉంటుందనుకుని ఇల్లాలు వాము నీళ్లు పట్టింది. నాలుగింటికల్లా పొట్ట డోలులా బిగిసింది. ఆమె ఫోన్ చేస్తే ఆయన ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. వాచ్‌మన్ ఒక పక్క, ఆయన ఒక పక్క దుప్పటి పట్టుకుని మూడో అంతస్తు నుంచి దాన్ని కిందికి దించి కారులో పడుకోబెట్టేసరికి ఆరైంది. విజయవాడలో ఆ వేళ రోడ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. బెంజి సర్కిల్ దాటుతుండగా వెనక సీట్లోంచి కూతురు అంది, "నాన్నా, బ్రూనో ఊపిరి తీసుకోవట్లేదు."

మర్నాడు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. కారణం దగ్గర 'జ్వరం' అని రాశాడు.

ఈ ఇల్లు విజయవాడలోనే ఉండక్కర్లేదు. పేర్లూ వీధులూ మార్చుకుంటే వరంగల్‌లో, ఒంగోలులో, కూకట్‌పల్లిలో, డాలస్‌లో కూడా ఇదే కథ. కుక్క ముసలిదై, మంచాన పడి, ఇక బతకదని తెలిసి పోతే ఇంటివాళ్లు కొంత సిద్ధపడి ఉంటారు. ఈ చావు అలాంటిది కాదు. పొద్దున ఉన్నది రాత్రికి లేదు. ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు. అర్థం కాని చోట, తప్పంతా తమదేనన్న బాధ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడెందుకీ మాట

ఏడాదిగా దేశమంతా కుక్కల గురించే మాట్లాడుకుంటోంది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించడం, పదకొండు రోజులకే ఆ ఆదేశాన్ని సవరించడం, ఆ తర్వాత టీవీల్లో చర్చలు... ఇవన్నీ చూశాం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేసిన ఘోరాన్ని కూడా తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. ఇంత గొడవ మధ్య, పెంచుకున్న కుక్క పోయిందని ఏడ్చేవాళ్లు నోరు తెరవడానికే జంకుతున్నారు. "మనుషులు పోతుంటే వీళ్లకు కుక్క గొడవా" అంటారని భయం. ఆ బాబు తల్లిదండ్రుల కడుపుకోత వేరు, ఈ ఇంటి బాధ వేరు. రెంటినీ తూకం వేయనక్కర్లేదు. పక్కింట్లో కన్నీళ్లను చూసి జాలిపడితే అంబర్‌పేట తల్లికి అన్యాయం జరగదు.

ఇంకో మాట కూడా ఉంది. 2020లో కొవిడ్ లాక్‌డౌన్‌లో చాలామంది ఇళ్లలోకి మొదటిసారి కుక్కపిల్లలు వచ్చాయి. పిల్లలకు బడి లేదు, పెద్దలకు ఆఫీసు లేదు. అందరూ ఇంట్లోనే ఉండగా పెరిగిన కుక్కలవి. ఇప్పుడవి నడివయసులోకి వచ్చాయి. గుండె జబ్బులూ కడుపులో గడ్డలూ మొదలయ్యే వయసు ఇదే. కుక్కను పెంచడం కొత్తైన ఇళ్లకు దాని చావూ కొత్తే.

లోపల ఏం జరిగింది?

బ్రూనోకు వచ్చింది కడుపు మెలిపడటం. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ: గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్. లాబ్రడార్లూ మినహాయింపు కాదు. కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను తిరిగిపోతుంది. పైనున్న దారీ మూసుకుంటుంది, కిందిదీ మూసుకుంటుంది. అందుకే ఓకరింపులు వస్తాయి గానీ వాంతి రాదు. ఉబ్బిన కడుపు పెద్ద రక్తనాళాలను నొక్కేయడంతో గుండెకు రక్తం తిరిగి రాదు. ఆపరేషన్ ఒక్కటే మార్గం, అదీ గంటల్లోనే. వాము నీళ్లు పట్టినా పట్టకపోయినా ఫలితం మారేది కాదు. ఆ ఇల్లాలికి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

ఇలా హఠాత్తుగా తీసుకుపోయే జబ్బుల్లో రెండోది ప్లీహంలో పుట్టే రక్తనాళాల క్యాన్సర్. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్లలో వయసు మీరుతున్నప్పుడు వస్తుంది. గడ్డ లోపల పెరుగుతున్నా పైకి ఏమీ తెలియదు. తింటుంది, ఆడుతుంది, బంతి తెస్తుంది. ఒకరోజు ఆ గడ్డ పగిలి కడుపులోనే రక్తస్రావమవుతుంది. చిగుళ్లు తెల్లబడతాయి, కూలబడిపోతుంది. అంతకు ముందు వారమే డాక్టరు దగ్గర టీకా వేయించి ఉన్నా, స్కానింగ్ తీయకపోతే ఆయనకూ తెలిసేది కాదు.

డాబర్‌మన్లలో గుండె కండరం పలచబడి, సాగిపోయే జబ్బు ఉంది. కొన్ని కుక్కల్లో దానికి మొదటి లక్షణమే హఠాన్మరణం. పగ్, బుల్‌డాగ్‌ లాంటి చప్పిముక్కు జాతులకు మన ఎండే శత్రువు. కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు, రొప్పుతూనే వేడిని బయటికి పంపాలి. ముక్కు చప్పిగా ఉన్న కుక్కకు ఆ రొప్పడమే సరిగా సాగదు. మే నెలలో మధ్యాహ్నం అద్దాలెత్తిన కారులో పది నిమిషాలు ఉంచినా ప్రాణం మీదికి వస్తుంది.

పల్లెల్లోనూ ఊరి శివారు కాలనీల్లోనూ పాముకాటు సంగతి చెప్పనక్కర్లేదు. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము... రాత్రి పెరట్లో మొరిగి మొరిగి, తెల్లారేసరికి గుమ్మం ముందు పడి ఉన్న కుక్కల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇంటికి కాపలా కాస్తూ పోయిందని ఊరంతా చెప్పుకునే ఒకే ఒక్క కుక్క చావు బహుశా అదే. ఎలుకల మందు తిన్నదీ, ఎలుకల మందు తిన్న ఎలుకను తిన్నదీ రెండూ చావొచ్చు. వాటిల్లో కొన్ని మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న రోజున ఏమీ కనిపించదు, కొన్ని రోజులకు గానీ రక్తస్రావం మొదలవదు. కుక్కపిల్లలనైతే పార్వో వైరస్ రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది.

నిజం కూడా చెప్పుకోవాలి. వీటిలో కొన్ని ముందే పట్టుకోగలిగినవే. పార్వోకు టీకా ఉంది. ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టడాన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో తప్పించవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకు వేళకు చూపిస్తే మందులున్నాయి. పాయసంలోని కిస్‌మిస్‌, చాక్లెట్‌, చక్కెర లేని చూయింగ్‌ గమ్‌లలో ఉండే జైలిటాల్, మనం వేసుకునే జ్వరం బిళ్ల... ఇవన్నీ కుక్కకు విషమని చాలా ఇళ్లలో తెలియదు. తెలియక పెట్టిందానికి ఎవరినీ నేరస్తుల్ని చేయలేం. తెలిశాక ఇంకో ఇంటికి చెప్పగలం.

> ఇవి కనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు
>
> వాంతి రాకుండా ఓకరింపులు, ఉబ్బి బిగిసిన పొట్ట.
>
> తెల్లగా పాలిపోయిన చిగుళ్లు, ఉన్నట్టుండి కూలబడటం.
>
> ఎండలో ఆగని రొప్పు, తూలడం. ముందు నీడకు చేర్చి, మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను వేయాలి, ఆ తర్వాతే ప్రయాణం. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే ప్రాణాపాయం.
>
> ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క తిండి మాని, విపరీతంగా నీళ్లు తాగడం.
>
> పాము కరిస్తే కాలికి గట్టిగా తాడు బిగించొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని తీసుకెళ్లాలి. మనుషులకు ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షనే కుక్కకూ పనిచేస్తుంది.
>
> రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల మీ ఊళ్లో ఏదో ఈరోజే కనుక్కుని ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

'చూసుకోలేకపోయాను'

కుక్కను పోగొట్టుకున్న ఏ ఇంట్లోనైనా గంట కూర్చుంటే ఈ మాట పదిసార్లు వినిపిస్తుంది. మధ్యాహ్నమే తీసుకెళ్లాల్సింది. ఆరోజు వాకింగ్‌కు తీసుకెళ్లకుండా ఉండాల్సింది. గేటు వేయాల్సింది. అది నా వైపు చూసినప్పుడు ఏదో చెప్పబోయిందేమో, నేను ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను.

మనిషికి జబ్బు చేస్తే ఎక్కడ నొప్పో చెబుతాడు. ఆసుపత్రిలో చేర్చాక భారం డాక్టర్ల మీద పడుతుంది. కుక్క విషయంలో తిండి, నీళ్లు, మందు, గొలుసు, తలుపు అన్నీ మన చేతిలోనే. దానికి ఆకలేస్తోందని గ్రహించాల్సింది మనమే, నొప్పి పుడుతోందని గ్రహించాల్సిందీ మనమే. పైగా నొప్పిని పైకి కనబడనివ్వకపోవడం జంతువుల స్వభావం. అంతా మన చేతిలోనే ఉన్నప్పుడు, చేయి జారితే మనల్ని మనమే నిలదీసుకుంటాం. హఠాత్తుగా పోయినప్పుడు ఈ నిలదీత మరీ ఎక్కువ. చివరి వారం సేవ చేశామన్న తృప్తి మిగలదు, ఒళ్లో తల పెట్టుకుని సాగనంపామన్న జ్ఞాపకమూ మిగలదు.

దీనికి ఒక మందు, అసలు కారణం తెలుసుకోవడం. కుక్కకూ పోస్ట్‌మార్టం చేయించవచ్చని చాలామందికి తెలియదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, విజయవాడ పక్కన గన్నవరంలో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. మీరు చూపించే డాక్టరును అడిగితే అక్కడికి ఎలా పంపాలో చెబుతారు. ఆ రాత్రే నిర్ణయించుకోవాలి, ఆలస్యమయ్యేకొద్దీ లోపలి అవయవాలు పాడవుతాయి. చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టించకూడదు. అందరూ దీనికి ఒప్పుకోరు. కోయడమనే మాటే భరించలేని ఇళ్లుంటాయి, వాళ్లను బలవంతపెట్టకూడదు. కానీ "నా వల్లే" అని నెలల తరబడి కుమిలిపోతున్నవాళ్లకు, "గడ్డ పగిలింది, మీరు చేయగలిగింది ఏమీ లేదు" అన్న ఒక్క కాగితం చేసే మేలు ఎంతమంది ఓదార్చినా జరగదు.

కాగితం లేకపోయినా డాక్టరు దగ్గరికి వారం తర్వాత ఒకసారి వెళ్లి కూర్చోండి. ఆరోజు హడావిడిలో ఆయన చెప్పింది మీ చెవికి ఎక్కి ఉండదు. మళ్లీ అడగండి. మీ తప్పు నిజంగా ఉంటే అదీ చెప్పమనండి. ఊహించుకుని పెంచుకున్న తప్పు కన్నా, ఇంతే అని తెలిసిన తప్పును మోయడం తేలిక.

> రేబిస్ అనుమానం ఉంటే
>
> ప్రవర్తన ఉన్నట్టుండి మారి, చొంగ కార్చుతూ, మింగలేక, దవడ జారి, కాళ్లు చచ్చుబడి కుక్క చనిపోతే దుఃఖంలో ఉన్నా ఈ పని ఆపకూడదు. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, పశువైద్యుడికి వెంటనే చెప్పండి. అంతకు ముందు పది రోజుల్లో అది కరిచినా, గీరినా, పుండు మీద గానీ నోటి దగ్గర గానీ నాకినా ఆ ఇంట్లోవాళ్లంతా డాక్టరును కలవాలి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌ నుంచి బతకడం దాదాపు అసాధ్యం, ముందే వేయించుకున్న టీకాలు మాత్రం ప్రాణం కాపాడతాయి.

ఎవరూ రాని ఇల్లు

మనింట్లో మనిషి పోతే ఊరు కదులుతుంది. పొరుగింటి నుంచి కాఫీ ఫ్లాస్కు వస్తుంది, అన్నం క్యారియర్ వస్తుంది. చాప పరుస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగింది?" అని అడుగుతారు, ఇంటివాళ్లు ప్రతిసారీ మొదటినుంచీ చెబుతారు. పదిసార్లు చెప్పేసరికి ఆ జరిగింది నిజమేనని వాళ్లకే నమ్మకం కుదురుతుంది. పలకరింపులో ఉన్న మేలు అదే. చిన్నదినం, పెద్దదినం, నెలమాసికం అని మెట్లున్నాయి. ఏ రోజు ఏం చేయాలో పెద్దవాళ్లు చెబుతారు.

కుక్క పోయిన ఇంటికి ఇవేవీ లేవు. లిఫ్ట్‌లో ఎదురైనవాళ్లు "ఏంటి, మీ కుక్క కనబడటం లేదు?" అని అడుగుతారు. చెబితే "అయ్యో" అని, నాలుగో అంతస్తు రాగానే దిగిపోతారు. మరీ దగ్గరివాళ్లు "ఇంకోటి తెచ్చుకుంటే సరిపోతుంది" అంటారు. పెద్దవాళ్లు కొందరు "ఇంటి మీదికి వచ్చిన గండాన్ని అది తీసుకుపోయింది" అంటారు. ఈ మాట మాత్రం మన ఇళ్లలో పాతది. అన్నవాళ్ల మనసులో ప్రేమే ఉంటుంది. విన్నవాళ్లలో కొందరికి అది నిజంగా ఊరట, తమ కుక్క ఊరికే పోలేదని. ఇంకొందరికి, ముఖ్యంగా చిన్నపిల్లలకు, "నా బదులు అది చచ్చిపోయిందా?" అన్న భయం పుడుతుంది. నా మటుకు నేను పిల్లల ఎదుట ఆ మాట అనను.

అమెరికా ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లోనే ఈ సంగతి మీద ఒక పుస్తకం తెచ్చారు. సమాజం గుర్తించని దుఃఖాలు కొన్ని ఉంటాయని, వాటిని మోసేవాళ్లకు బాధతో పాటు ఒంటరితనం కూడా తోడవుతుందని ఆయన చెప్పారు. 'జ్వరం' అని రాసి సెలవు పెట్టిన ఆ తండ్రికి ఈ సిద్ధాంతం తెలియనక్కర్లేదు, అనుభవంలో ఉంది.

ఇంత బాధ ఎందుకన్నదానికి ఒంట్లోనే కొంత సమాధానం ఉంది. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో 'సైన్స్' పత్రికలో చూపించారు. తల్లీబిడ్డల మధ్య బంధాన్ని గట్టిపరిచే హార్మోనే అది. 2017లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక కేసు ప్రచురించింది. టెక్సస్‌కు చెందిన ఒకావిడ గుండెపోటు లక్షణాలతో ఆసుపత్రికి వస్తే రక్తనాళాల్లో అడ్డంకే లేదు. కొద్దిరోజుల ముందే ఆమె యార్క్‌షైర్ టెరియర్ చనిపోయింది. తీవ్రమైన దుఃఖానికి గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు అది. ఆమె కోలుకుంది. గుండె జబ్బులున్న పెద్దవాళ్లను ఆ వారం కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పడానికే ఇదంతా.

ఏడవడానికి సిగ్గుపడేది మన దగ్గర మగవాళ్లే ఎక్కువ. 2022లో ఓ కుక్క కథైన '777 చార్లీ' సినిమా చూశాక అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై కెమెరాల ముందే కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఆయన ఇంట్లో కుక్క చనిపోయింది. ముఖ్యమంత్రి ఏడ్చాడని ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు.

తాతయ్యా, పాపా

మన ఊళ్లలో కొత్తగా పుట్టిన సంసారం ఒకటుంది. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో. ఇంట్లో అమ్మానాన్నలు, ఒక కుక్క. పొద్దున ఐదింటికి లేపేది అదే, నడకకు తీసుకెళ్లేది అదే. బీపీ మాత్ర వేసుకునే వేళ కూడా దాని తిండి వేళతోనే ముడిపడి ఉంటుంది. అది హఠాత్తుగా పోతే ఆ పెద్దాయన దినచర్యే కూలిపోతుంది. నడక మానేస్తారు. "ఎవరికోసం వెళ్లాలి?" అంటారు. వీడియో కాల్‌లో కొడుకు "పోనీలే నాన్నా, ఈసారి వచ్చినప్పుడు ఇంకోటి కొందాం" అంటే ఆయన తలూపి ఫోన్ ఆవిడకు ఇచ్చేస్తారు. దూరాన ఉన్న పిల్లలు చేయగలిగిన మంచి పని, రోజూ అదే వేళకు ఫోన్ చేసి, ఫోన్ చెవిన పెట్టుకునే ఆయన్ను నడిపించడం. ఓ పది రోజులు కుక్క ముచ్చట్లే చెప్పనివ్వండి.

అవతలి వైపూ ఇదే కథ. అమెరికాలో మనవాళ్లు పెంచుకున్న కుక్క పోతే అక్కడ పశువైద్యశాలలు దహనం ఏర్పాట్లు చేస్తాయి, పాదముద్ర అచ్చు తీసి ఇస్తాయి. కార్నెల్‌లాంటి విశ్వవిద్యాలయాల పశువైద్య విద్యార్థులు ఈ దుఃఖంలో ఉన్నవాళ్ల కోసమే ఫోన్‌లైన్ నడుపుతున్నారు. కానీ గుంటూరు నుంచి అమ్మ "పండగ పూట కుక్క కోసం కన్నీళ్లేంటే" అంటే ఆ అమ్మాయి మనసు చివుక్కుమంటుంది. అమ్మ చూడని కుక్క అది. ఆమెకు ఫొటోలు పంపండి, అది చేసిన అల్లరి చెప్పండి, అప్పుడు ఆమే అడుగుతుంది.

పిల్లలకు చెప్పేటప్పుడు మాట తిన్నగా ఉండాలి. 'నిద్రపోయింది' అంటే నాలుగేళ్ల పిల్ల రాత్రి నిద్రపోవడానికి భయపడుతుంది. 'ఊరెళ్లింది' అంటే రోజూ గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఏదో ఒకరోజు నిజం తెలిసి, అమ్మ అబద్ధం చెప్పిందన్న రెండో దెబ్బ తింటుంది. "బ్రూనో చచ్చిపోయింది. దాని ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాదు. దానికిప్పుడు నొప్పి లేదు." ఇంత చాలు. ఎనిమిదేళ్ల పిల్లలు మరో ప్రశ్న కూడా అడుగుతారు: "నువ్వూ ఇలాగే చచ్చిపోతావా?" కసురుకోకుండా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. చాలామంది పిల్లలకు చావుతో తొలి పరిచయం ఇంట్లో కుక్కతోనే అవుతుంది. అప్పుడు పెద్దవాళ్లు ఎలా ఉన్నారో చూసే వాళ్లు నేర్చుకుంటారు. పిల్ల చూస్తానంటే చివరిచూపు చూడనివ్వండి, వద్దంటే వదిలేయండి.

ఇంట్లో రెండో కుక్క ఉంటే దాన్నీ గమనించాలి. ఇటలీలో 426 మంది కుక్కల యజమానుల మీద జరిపిన పరిశీలన 2022లో వెలువడింది. తోటి కుక్క పోయాక మిగిలిన కుక్క ప్రవర్తన దిగులు వైపు మారిందని అందులో 86 శాతం మంది చెప్పారు. తిండి తగ్గించింది, ఆటలు మానేసింది, మనిషిని అంటిపెట్టుకుని తిరిగింది. వేళకు తిండి, వేళకు నడక తప్పకుండా చూస్తే చాలావరకు కుదుటపడుతుంది.

> కుక్కకు సమాధి కట్టిన కాలాలు
>
> జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో సుమారు 14 వేల ఏళ్ల నాటి సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. అది వారాల తరబడి జబ్బుపడి ఉన్నట్టు పళ్లు చెబుతున్నాయి. ఎవరో సేవ చేయకపోతే అన్నాళ్లు బతికేది కాదు.
>
> కశ్మీర్‌లోని బుర్జహోమ్ కొత్త రాతియుగపు తవ్వకాల్లోనూ మనుషులతో పాటు పూడ్చిన కుక్కలు బయటపడ్డాయి.
>
> ఇంగ్లిష్ కవి బైరన్ తన కుక్క బోట్స్‌వైన్‌కు 1808లో రేబిస్ సోకితే దగ్గరుండి సేవ చేశాడు. అది పోయాక న్యూస్టెడ్ అబీలో పెద్ద సమాధి కట్టించాడు.
>
> మన మహాభారతంలో మహాప్రస్థానిక పర్వం సంగతి తెలియనివాళ్లుండరు. వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. దత్తాత్రేయుడి పటంలో ఆయన పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. కాలభైరవుడి వాహనం కుక్కే.

చివరిచూపు

రాత్రి పదింటికి చనిపోయిన కుక్కను తెల్లారే దాకా ఎలా ఉంచాలో తెలియక కంగారుపడతారు. చల్లని గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టండి. కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది కాబట్టి, అది రోజూ పడుకున్నట్టే కాళ్లు మడిచి ముందే సర్దండి. కొంత ద్రవం బయటికి వస్తుంది, అది మామూలే. చుట్టూ గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి ఏసీ గదిలో ఉంచితే పొద్దుటి దాకా ఫర్వాలేదు.

పల్లెలో పొలం గట్టున, వేపచెట్టు కింద చోటు దొరుకుతుంది. మూడడుగులకు తగ్గకుండా గొయ్యి తీయాలి, బావికీ బోరుకీ చెరువుకీ దూరంగా ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో పూడ్చొద్దు, నూలు గుడ్డ చాలు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ల కష్టమే కష్టం. హైదరాబాద్ ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక వచ్చింది. చాలా పట్టణాల్లో ఇప్పటికీ మునిసిపాలిటీ బండే దిక్కు. నిన్నటి దాకా పక్కలో పడుకున్నదాన్ని చెత్తబండిలోకి ఎత్తేటప్పుడు ఆ ఇంటివాళ్ల ముఖాలు చూసిన ఏ కమిషనరైనా, ఊరి చివర పావు ఎకరం ఇందుకు కేటాయిస్తారు. పశువైద్యశాల ఉన్న ప్రతి పట్టణానికీ ఇది ఉండాలి. ఓట్లు రాని పనే గానీ పెద్ద ఖర్చు కూడా లేని పని.

ఏ తంతు చేయాలన్నది ఆ ఇంటి ఇష్టం. పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టేవాళ్లున్నారు, బూడిదను కృష్ణలోనో గోదావరిలోనో కలిపి వచ్చేవాళ్లున్నారు, పదో రోజున వీధికుక్కలకు కడుపునిండా అన్నం పెట్టేవాళ్లున్నారు. ఏదీ తప్పు కాదు. ఏదో ఒకటి చేయండి. హఠాత్తుగా పోయినదానికి వీడ్కోలు చెప్పే అవకాశం ఆ పూట దొరకలేదు కదా, తర్వాతైనా చెప్పాలి. దాని గిన్నె, బెల్టు, పట్టా మర్నాడే విసిరేయాల్సిన పనిలేదు. చూడలేకపోతే ఒక పెట్టెలో పెట్టి అటక మీద ఉంచండి.

పరిచయస్తుల ఇంట్లో కుక్క పోయిందని తెలిస్తే ఒక పూట వెళ్లండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే దాని పేరు పెట్టి అడగండి, "బ్రూనోకు ఏమైందండీ?" అని. మిగతాది వాళ్లే చెబుతారు.

మూడు నాలుగు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే దాన్ని కుక్క విషయంగా కొట్టిపారేయకూడదు. 14416కు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ తెలుగులోనే దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం వారాలు ఆగొద్దు, ఆ క్షణమే ఫోన్ చేయాలి.

ఇంకోటి ఎప్పుడు?

ఇది అందరూ అడిగే ప్రశ్న. లెక్క ప్రకారం జవాబు లేదు గానీ ఒక్క సందర్భంలో మాత్రం ఉంది. పార్వోతో పోయి ఉంటే ఆ వైరస్ ఇంట్లో, పెరటి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు సబ్బుకు, ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్‌కు చస్తుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తెస్తే మళ్లీ అదే దుఃఖం. డాక్టరు సరేనన్నాకే తేవాలి.

మిగతా ఇళ్లలో, ఇంట్లో అందరూ సరేనన్న రోజే మంచిరోజు. ఏడుపు ఆపడానికని మూడో రోజే పిల్లకు చెప్పకుండా కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టే తండ్రులున్నారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ పిల్ల రోజూ ఈ కుక్కను పాతదానితో పోల్చి చూస్తుంది, ఇది దానిలా చేయనందుకు దీని మీద విసుక్కుంటుంది. మళ్లీ కొనే ముందు ఆ జాతికి మన ఎండ పడుతుందా, గుండె జబ్బులుంటాయా అన్నది ఈసారైనా డాక్టరును అడగండి. మన కొల్లేటి తీరంలో పుట్టిన జోనంగి ఉంది, వీధిలో పుట్టిన నాటు పిల్లలున్నాయి. ఈ ఎండలు వాటికి పుట్టుకతోనే అలవాటు.

కొత్తదానికి పాతదాని పేరే పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లకు అదో తృప్తి. ఇంట్లో చిన్నపిల్ల ఉంటే మాత్రం పేరు పెట్టే పని ఆ పిల్లకే వదిలేయండి.